ఆటిజం ఉన్న పిల్లలకు బస్సు ప్రయాణం నేర్పడం ఎలా? (మా వాడికి 13 ఏళ్లు)

వాన_చినుకు

అందరికీ నమస్తే. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి.

మా అబ్బాయికి 13 ఏళ్లు, ఆటిజం. చిన్న చిన్న వాక్యాల్లో మాట్లాడతాడు. టెన్షన్ వస్తే ఆ మాటలు కూడా రావు. బస్సులంటే ప్రాణం. ఏ నంబరు బస్సు ఎక్కడ బయల్దేరి ఎక్కడికి వెళ్తుందో, మధ్యలో ఏయే స్టాపులున్నాయో నాకు తెలీదు గానీ వాడికి నోటికొచ్చు. తీరా నిజం బస్సు వచ్చి ఎదురుగా ఆగగానే రెండు చెవులూ మూసుకుని వెనక్కి పరుగెడతాడు. ఎలాగోలా ఎక్కిస్తే, కిటికీ పక్క సీటు దొరికిన రోజు బానే ఉంటాడు. దొరక్కపోతే ఇక ఆ రోజు అంతే సంగతులు.

ఎప్పటికైనా క్లాసుకి వాడంతట వాడు వెళ్లి రావాలని నా ఆశ. ఒకటే బస్సు, మారే పని లేదు. మా ఆయనేమో "ఇప్పుడంత అవసరం ఏమొచ్చింది, మనం లేమా" అంటారు. మనం ఎన్నాళ్లుంటామన్నదే కదా నా బెంగ.

అసలు ఎక్కడ మొదలుపెట్టాలి? అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

రెండో_మెట్టు

వాన_చినుకు గారూ, మా అమ్మాయికి ఇప్పుడు 18. ఒక బస్సు మారి మరీ కాలేజీకి వెళ్తోంది. అక్కడిదాకా రావడానికి ఏళ్లు పట్టింది, అది ముందే చెప్పేస్తే మీకు కంగారు తగ్గుతుంది.

బస్సెక్కడం మనకి ఒక్క పని. వాళ్లకి అది బోలెడు పనుల మూట. ఒక కాగితం తీసుకుని విడివిడిగా రాయండి. రోడ్డు దాటడం, స్టాపులో ఎక్కడ నిలబడాలి, వచ్చే బస్సు నంబరు చూడటం, చెయ్యెత్తడం, దిగేవాళ్లు దిగేదాకా ఆగడం, కమ్మీ పట్టుకుని ఎక్కడం, టికెట్టో కార్డో, సీటు, సీటు లేకపోతే ఏది పట్టుకోవాలి, దిగే చోటు గుర్తుపట్టడం, కాస్త ముందుగా లేవడం, దిగడం. ఇక్కడితో అయిపోయిందనుకుంటారు చాలామంది. దిగాక బస్సు వెళ్లిపోయేదాకా రోడ్డు దాటకుండా ఆగడం కూడా ఒక మెట్టే. ఆగి ఉన్న బస్సు ముందు నుంచి దాటితే పక్కగా వచ్చే బండివాడికి పిల్లాడు కనపడడు. మొత్తం ప్రయాణంలో నేను ఎక్కువగా భయపడింది ఆ అర నిమిషానికే. అందుకే దాన్ని ఒక్కదాన్నే విడిగా, బస్సెక్కకుండానే, స్టాపు దగ్గర నిలబడి నేర్పాను.

లిస్టు రాశాక ఒక్కో పని పక్కన గుర్తు పెట్టండి: తనే చేస్తాడు, చెప్తే చేస్తాడు, చెప్పినా చేయడు. మొదలు పెట్టాల్సింది మధ్య రకంతో. "చెప్తే చేస్తాడు" అన్నవి "తనే చేస్తాడు"లోకి మారుతుంటే పిల్లాడికీ హుషారొస్తుంది, మీకూ ఓపికొస్తుంది.

ఇంకోటి, చివర్నుంచి నేర్పడం. దిగాల్సిన చోటికి ఒక్క స్టాపు ముందు ఎక్కండి. ఎక్కడం, కూర్చోవడం అన్నీ మీరు దగ్గరుండి చేయించండి. లేచి దిగడం మాత్రం వాడికి వదిలేయండి. అది వచ్చాక రెండు స్టాపులు ముందు ఎక్కండి. ప్రతిసారీ ప్రయాణం వాడు సొంతంగా చేసిన పనితోనే ముగుస్తుంది. ముందు నుంచి నేర్పితే దిగే సమయానికి పిల్లాడు అలిసిపోయి ఉంటాడు, అసలు కష్టమైన భాగం అప్పుడే వస్తుంది.

రద్దీ లేని వేళలో మొదలుపెట్టండి. ఇది వేరే చెప్పక్కర్లేదనుకోండి.

నిమ్మళం

నేను తల్లినీ తండ్రినీ కాను. ఆటిజం ఉన్న మనిషిని, వయసు 31, రోజూ ఆఫీసుకి మెట్రోలో వెళ్తాను. ఆ చెవులు మూసుకోవడం గురించి చెప్తాను, ఎందుకంటే అక్కడ నేనూ ఉన్నాను.

అది భయం అనుకుంటారు అందరూ. నా వరకు అది నొప్పి. బస్సు ఆగేటప్పుడు "స్స్స్" మని ఒక శబ్దం వస్తుంది చూడండి, అది ఎప్పుడొస్తుందో తెలీకపోవడం ఇంకా ఘోరం. మీకు పది శబ్దాల్లో తొమ్మిది వెనక్కి వెళ్లిపోతాయట. నాకు ఏదీ వెనక్కి వెళ్లదు. ఇంజను, తలుపు, అనౌన్స్‌మెంటు, ఎవరి ఫోన్లోనో వీడియో, పక్కావిడ గాజులు, అన్నీ ఒకే వరసలో నిలబడతాయి. చిన్నప్పుడు ఎవరైనా "ఏం కాదు, ఏం కాదు" అంటుంటే ఆ మాట కూడా వచ్చి ఆ వరసలోనే చేరేది.

నాకు పనికొచ్చింది ఏంటంటే ఆ శబ్దాన్ని రికార్డు చేసుకుని ఇంట్లో వినడం. సౌండు బాగా తగ్గించి, నా చేత్తో నేనే ఆన్ చేసి, నేనే ఆఫ్ చేసి. మీట నా చేతిలో ఉండటమే అసలు సంగతి. "అలవాటు పడాలి" అని పెద్దవాళ్లు గట్టిగా వినిపిస్తే మాత్రం పని తిరగబడుతుంది.

హెడ్‌ఫోన్లు తప్పకుండా కొనండి. కానీ రోడ్డు దాటేటప్పుడు మెడమీదకి దించాలి, బస్సెక్కాక పెట్టుకోవాలి అన్నది మొదటి రోజే నేర్పండి. తర్వాత మాన్పించడం కష్టం. మా బుర్ర మొదటిసారి ఎలా చేశామో దాన్నే రూలు అనుకుంటుంది.

చేతులు ఊపినా, ముందుకీ వెనక్కీ ఊగినా ఆపకండి. ఎవరో చూస్తున్నారని మీకు ఇబ్బందిగా ఉంటుంది, తెలుసు. ఆ ఊగడం వల్లే నేను దిగే స్టాపు దాకా కూర్చోగలిగేవాణ్ణి.

స్టీరింగ్_వెనక

సిటీ బస్సు నడుపుతాను. మా చెల్లెలి కొడుకు కూడా ఇలాంటి బాబే, అందుకే ఈ గ్రూపులో ఉన్నా.

నిమ్మళం చెప్పిన ఆ శబ్దం గాలిది. పెద్ద బస్సులకి బ్రేకులు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి, చాలా వాటికి తలుపులు కూడా అంతే. బ్రేకు వదిలినప్పుడు, తలుపు తెరిచినప్పుడు ఆ గాలి బయటకి పోతుంది. కొన్ని లో-ఫ్లోర్ బస్సులైతే ఎక్కేవాళ్ల కోసం ఒక పక్కకి వంగుతాయి, అప్పుడు గాలి శబ్దంతోపాటు బీప్ బీప్ కూడా ఉంటుంది. మా మేనల్లుడికి ఇది బొమ్మ గీసి చెప్పాక వాడే "ఇప్పుడు గాలి వస్తుంది" అని ముందే అంటాడు. బస్సులంటే అంత ఇష్టమున్న పిల్లాడికి కారణం చెప్తే వింటాడు చూడండి.

సీటు సంగతి. వెనక చక్రాల మీద, వాటి వెనక సీట్లలో కుదుపు ఎక్కువ. చాలా సిటీ బస్సులకి ఇంజను కూడా వెనకే, ఆ అదురు సీట్లోకి వస్తుంది. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్యలో కూర్చుంటే కుదుపు తక్కువ. డ్రైవర్ వెనక సీటు మంచిదని అందరూ అంటారు గానీ అది తలుపుకి దగ్గర, ఆ గాలంతా చెవిలోనే.

మాతో ఏమైనా చెప్పాలంటే బస్సు ఆగి ఉన్నప్పుడే చెప్పండి. పెద్ద కథ వద్దు. ఎక్కడ దిగాలి, ముట్టుకోకూడదు, అడిగాక కాసేపు ఆగాలి. ఈ మూడు ముక్కలు చాలు.

ఎందుకొచ్చిన_గోల

అందరూ బాగా చెప్తున్నారు గానీ నాదొక మాట. ఇంట్లో బండి ఉన్నప్పుడు, తీసుకెళ్లే మనిషి ఉన్నప్పుడు, పిల్లాణ్ణి ఒంటరిగా రోడ్డు మీదకి వదిలి ఈ ప్రయోగాలు ఎందుకు? మా వాడికి 11. ప్రమాదం అంటే ఏంటో తెలీదు. చెయ్యి వదిలితే ఎటు పరుగెడతాడో చెప్పలేం. ఏదైనా జరగరానిది జరిగితే ఈ గ్రూపులో వాళ్లెవరూ వచ్చి తీర్చరు. ఎవరినీ అనడం కాదు, ఒక తండ్రిగా అడుగుతున్నా.

నిమ్మళం

> ఒంటరిగా రోడ్డు మీదకి వదిలి

ఇక్కడ ఎవరూ ఆ మాట అనలేదండీ. రెండో_మెట్టు గారు ఇంకా పక్క సీట్లోనే కూర్చున్నారు 🙂

థెరపీ_గది

స్పెషల్ ఎడ్యుకేటర్‌ని. ఎందుకొచ్చిన_గోల గారి భయాన్ని తీసిపారేయకండి, అది లెక్కల్లో ఉన్న భయమే. 2012లో పీడియాట్రిక్స్ పత్రికలో అమెరికా కుటుంబాల మీద ఒక అధ్యయనం వచ్చింది. ఆటిజం ఉన్న పిల్లల్లో 49 శాతం మంది నాలుగేళ్లు దాటాక కనీసం ఒక్కసారైనా ఇంటి నుంచో, బడి నుంచో, పెద్దల చెయ్యి విడిపించుకునో వెళ్లిపోయే ప్రయత్నం చేశారు. తప్పిపోయినవాళ్లకి పొంచి ఉన్న ప్రమాదాల్లో ట్రాఫిక్ పెద్దది. కాబట్టి పరుగెత్తే అలవాటున్న పిల్లలకి బస్సు పాఠం కంటే ముందు "ఆగు" అంటే ఆగడం రావాలి. ఆట మధ్యలో, ఇష్టమైన వస్తువు ఎదురుగా ఉన్నప్పుడు కూడా ఆగాలి. అది రాకపోతే ఇంకా సమయం ఉందని అర్థం. అలాగని ఆ పిల్లాణ్ణి బస్సే ఎక్కించొద్దని కాదు.

వాన_చినుకు గారూ, మీ అబ్బాయి విషయంలో నాకు రెండు విషయాలు తోస్తున్నాయి.

ఒకటి, మన పిల్లలు ఒక చోట నేర్చుకున్నది ఇంకో చోటికి దానంతటదే వెళ్లదు. ఎర్ర బస్సులో నేర్చుకున్న పిల్లాడు అదే నంబరుతో నీలం బస్సొస్తే ఎక్కడు. వాడి లెక్కలో అది వేరే బస్సు. అమ్మతో వెళ్లడం, నాన్నతో వెళ్లడం కూడా వేర్వేరు పాఠాలే. అందుకే మొదటి నుంచీ కొంచెం కొంచెం మారుస్తూ నేర్పండి. మనిషి, సీటు, వేళ, వాన రోజు, ఎండ రోజు. కిటికీ సీటు గొడవకీ మందు ఇదే. "కిటికీ సీటు" అని కాకుండా "ముందు కిటికీ, లేకపోతే మధ్య సీటు, అదీ లేకపోతే కమ్మీ" అని బొమ్మల వరస చేసి ఇవ్వండి. "లేకపోతే" ఏం చేయాలో తెలిస్తే అది వాడికి ఓటమి కాదు, ప్లానులో తర్వాతి గడి.

రెండోది, సోషల్ స్టోరీ. కరోల్ గ్రే అనే అమెరికా టీచరు 1990ల మొదట్లో రూపొందించిన పద్ధతి ఇది. అక్కడ ఏం జరుగుతుంది, ఎందుకు జరుగుతుంది, నేనేం చేయొచ్చు అన్నది పిల్లాడి వైపు నుంచి చిన్న వాక్యాల్లో రాస్తాం. చాలామంది దాన్ని ఆజ్ఞల పట్టీలా రాస్తారు: అరవకూడదు, పరుగెత్తకూడదు. అలా కాదు. "బస్సు ఆగినప్పుడు గాలి శబ్దం వస్తుంది. అది కాసేపే ఉంటుంది. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకోవచ్చు." ఇలా. మీ స్టాపు, మీ బస్సు ఫొటోలతో చేస్తే ఇంకా మంచిది.

వాన_చినుకు

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. గాలి సంగతి నిన్న రాత్రే బొమ్మ గీసి చెప్పాను. పొద్దున్నుంచీ అందర్నీ "ఎన్ని బార్ల గాలి?" అని అడుగుతున్నాడు (బార్ అంటే గాలి ఒత్తిడి కొలతట). స్టీరింగ్_వెనక గారూ, మీరే జవాబు చెప్పాలి.

ఇంకో డౌటు. దిగే చోటు గుర్తుపట్టడానికి స్టాపులు లెక్కపెట్టమని చెప్పనా? లెక్కలో వాడు గట్టి.

స్టీరింగ్_వెనక

మామూలుగా 8 నుంచి 10 బార్ల మధ్య ఉంటుందని చెప్పండి. డ్యాష్‌బోర్డు మీద గాలి మీటరు ఉంటుంది. ఆగి ఉన్నప్పుడు చూపించమంటే చూపిస్తాం.

లెక్కపెట్టడం మాత్రం వద్దే వద్దు! ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ లేకపోతే స్టాపులో ఆపకుండా వెళ్లిపోతాం. సిగ్నల్ దగ్గర ఆగితే అదీ లెక్కలోకి వస్తుంది. ఒక్కటి అటూ ఇటూ అయితే పిల్లాడు వేరే చోట దిగుతాడు, పైగా "లెక్క కరెక్టే" అంటాడు.

రెండో_మెట్టు

నూటికి నూరుపాళ్లు. గుర్తులు నేర్పండి, అవి కూడా ఒకటి కాదు, రెండు. "సిద్ధం కా" అనే గుర్తు ఒకటి, "దిగు" అనే గుర్తు ఒకటి. మొదటిది కనపడగానే సంచీ భుజానికి వేసుకోవడం, కమ్మీ పట్టుకోవడం. రెండోది కనపడితే దిగడం. గుర్తులు కదలనివి, మారనివి అయి ఉండాలి. వంతెన, మలుపు, నీళ్ల ట్యాంకు లాంటివి. బోర్డులు, గోడల రంగులు నమ్మకండి, రేపటికి మారిపోతాయి. చీకటి పడ్డాక కూడా కనిపిస్తాయో లేదో మీరు ఒకసారి సాయంత్రం వెళ్లి చూసుకోండి. తిరుగు ప్రయాణంలో అవే గుర్తులు ఎదురు వైపు నుంచి వస్తాయి, అది వాడికి కొత్త దారే. విడిగా నేర్పాలి.

ఇక నా అసలు మాట. బస్సెక్కి దిగడం వచ్చిన రోజున సగం పనే అయినట్టు. మిగతా సగం, ప్లాను చెడినప్పుడు ఏం చేయాలన్నది. చాలామంది మొదటి సగం దగ్గర ఆగిపోయి "వచ్చేసింది" అంటారు. బస్సు రాదు, దారి మళ్లిస్తారు, స్టాపు దాటిపోతుంది, ఫోన్ చార్జింగ్ అయిపోతుంది. ఇవన్నీ మీరు పక్కనుండగా కావాలని చేయించాలి.

మా అమ్మాయితో స్టాపు దాటించి చూశాను. ముందు రోజే చెప్పాను, "రేపు మనం కావాలని ఒక స్టాపు దాటిపోతాం, అప్పుడేం చేయాలో ప్రాక్టీసు" అని. అయినా వంతెన వెనక్కి వెళ్లిపోగానే దాని మెడ బిగుసుకుపోయింది, సంచీ జిప్పు లాగుతూ మూస్తూ ఉంది. నేను ఏమీ అనలేదు. సంచీలో కార్డుంది: "తర్వాతి స్టాపులో దిగు. అక్కడే నిలబడు. అమ్మకి ఫోన్ చెయ్." దిగింది, పక్కనే నిలబడ్డ నాకే ఫోన్ చేసింది. "అమ్మా, నేను దాటిపోయాను. నిలబడ్డాను." నేను ఒక అడుగు దూరంలో ఫోనెత్తి "సరే, వస్తున్నా" అన్నాను. చుట్టుపక్కలవాళ్లు మమ్మల్ని వింతగా చూశారు, చూడనివ్వండి. ఆ మూడు వాక్యాల కార్డు తర్వాత ఒకసారి నిజంగానే అక్కరకొచ్చింది. అప్పుడు నేను పక్కన లేను.

దూరం జరగడం కూడా ఇలాగే. పక్క సీటు, వెనక సీటు, బస్సు అవతలి చివర, తర్వాతి బస్సు, ఆ తర్వాత దిగే చోట ఎదురుచూడటం. ఫోన్లో లొకేషన్ చూసుకుంటూ ఇంట్లో కూర్చోవడం ఆఖరిది. అన్నిటికంటే కష్టం కూడా అదే. పిల్లకి కాదు, నాకు.

థెరపీ_గది

ఒక చిన్న చేర్పు. "కొత్తవాళ్లతో మాట్లాడకూడదు" అని నేర్పి ఉంటే దాన్ని ఇప్పుడే సరిచేయండి. మన పిల్లలు మాటని మాటగానే తీసుకుంటారు. టికెట్ చెక్ చేసేవాళ్లు అడిగినా మూతి బిగించుకుని కూర్చుంటారు, వాళ్లేమో పొగరనుకుంటారు. "యూనిఫాం వేసుకున్న మనిషి అడిగితే కార్డు చూపించు. ఎవరు పిలిచినా వాళ్ల వెంట మాత్రం వెళ్లకు." ఇవి రెండు వేర్వేరు రూల్స్, రెండూ కావాలి. అలాగే "బస్సు ఇప్పుడే వస్తుంది" అనకండి. "బస్సు వచ్చేదాకా ఇక్కడ నిలబడదాం" అంటే చాలు.

రైలు_పిచ్చి

టాపిక్ బస్సే అయినా నేను రైలు గురించే మాట్లాడతాను, పేరు చూశారుగా.

న్యూయార్క్ ట్రాన్సిట్ మ్యూజియం వాళ్లు సబ్‌వే స్లూత్స్ అని ఒక క్లాసు నడుపుతారు. ఆటిజం ఉండి, రైళ్లంటే ఇష్టపడే పిల్లలకి. ఆ ఇష్టాన్నే పట్టుకుని నలుగురితో కలవడం నేర్పుతారు. 2022 ఏప్రిల్‌లో అయితే న్యూయార్క్‌తో సహా అమెరికాలో కొన్ని రవాణా సంస్థలు ఆటిజం ఉన్న పిల్లలతో అనౌన్స్‌మెంట్లు రికార్డు చేయించి స్టేషన్లలో వినిపించాయి. ఇంట్లో రోజంతా అనౌన్స్‌మెంట్లు వల్లించే మా వాడికి ఆ వీడియో చూపిస్తే, ఒక పిల్లాడు "తలుపులకి దూరంగా" అన్న తీరు తప్పని తీర్పిచ్చాడు.

వాన_చినుకు గారూ, మీ వాడి రూట్ల పిచ్చిని వాడుకోండి. "ఈ రోజు డ్యూటీ నీది, మమ్మల్ని నువ్వు తీసుకెళ్తున్నావు" అనండి.

ఎందుకొచ్చిన_గోల

అందరి మాటలూ చదివాను. మా వాడికి "ఆగు" ఇంకా రాలేదు, కాబట్టి మేం ఒంటరి ప్రయాణం ఊసెత్తం. కానీ ఆదివారం ఉదయం ఖాళీ బస్సులో నేను పక్కన కూర్చుని తీసుకెళ్తే ఏమైనా లాభం ఉంటుందా? వాడు ఎప్పటికీ ఒంటరిగా వెళ్లలేకపోవచ్చు. అప్పుడు ఇదంతా వృథాయేనా?

నిమ్మళం

వృథా ఎందుకవుతుందండీ. పక్కన మనిషి ఉండి బస్సులో ఎక్కడికైనా వెళ్లగలగడం కూడా ప్రయాణమే. ఇల్లూ కారూ తప్ప ఏమీ తెలియని పిల్లాడికీ వాడికీ చాలా తేడా ఉంటుంది. నాకు తెలిసిన ఒకాయనకి 40 దాటాయి, ఎప్పుడూ ఎవరో ఒకరు తోడుంటారు, బస్సంటే ఆయనకి పండగే. ఒక్కటే, ఎప్పుడు దిగిపోవాలో వాడు మీకు చెప్పే దారి ఉంచండి. ఒక కార్డో, చేత్తో సైగో. వాడు అడిగితే నిజంగానే దిగిపోండి, టికెట్ డబ్బులు చూసుకోకండి.

ఎందుకొచ్చిన_గోల

సరే. సైగతో మొదలుపెడతాం.

వాన_చినుకు

మావాళ్లిద్దరూ నిన్న స్టాపులో కూర్చుని బస్సులు చూసొచ్చారు. ఏదీ ఎక్కలేదు. మా ఆయన తనంతట తనే తీసుకెళ్లారు, అది నాకు బోనస్. హెడ్‌ఫోన్లు మెడమీద, బస్సు దగ్గరికి రాగానే చెవులకి. ఒకసారి మాత్రం బస్సు ఆగకముందే "గాలి" అన్నాడట.

ఇప్పుడు కార్డు తయారు చేస్తున్నా. కొన్ని దేశాల్లో పొద్దుతిరుగుడు పువ్వుల బొమ్మలున్న మెడతాడు వేసుకుంటారని చదివాను. అలా మెడలో వేయనా, జేబులో పెట్టనా?

థెరపీ_గది

అది 2016లో లండన్ గాట్విక్ విమానాశ్రయంలో మొదలైంది, బయటికి కనిపించని వైకల్యాలున్నవాళ్ల కోసం. మీరు వెళ్లే దారిలో సిబ్బందికి దాని అర్థం తెలిస్తేనే ఉపయోగం. లేకపోతే అది ఉత్త తాడే. మెడలో వేసినా పేరు మాత్రం బయటికి కనపడనివ్వకండి. పేరు పెట్టి పిలిచినవాళ్లని పిల్లలు తెలిసినవాళ్లే అనుకుంటారు. పేరు, ఫోన్ నంబరు లోపలి వైపు.

వాన_చినుకు

అయితే మెడతాడు వద్దు, సంచీ పట్టీకి క్లిప్పు పెడతాను. కార్డు మీద ఇలా రాశాను, చూడండి:

"నాకు ఆటిజం ఉంది. నన్ను ముట్టుకోవద్దు.
'ఎక్కడ దిగుతావు?' అని అడిగి కాసేపు ఆగండి.
నేను చెప్పలేకపోతే కార్డు లోపల ఉన్న నంబరుకి ఫోన్ చేయండి."

స్టీరింగ్_వెనక

ఇది చాలు. ఇంకేం కలపకండి. అక్షరాలు ఇంకొంచెం పెద్దవి చేయండి, సాయంత్రం బస్సులో లైటు తక్కువ. కార్డు మడత పెట్టేదైతే ముందు వైపూ వెనక వైపూ ఇవే మూడు లైన్లు వేయించండి. కంగారులో ఏ వైపు తిప్పి చూపిస్తాడో చెప్పలేం.